పెట్రోలు కారుతున్న పాత కారు పైపులు మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి నేలను అంటిపెట్టుకొని దూరంగా ఉన్న నిప్పును కూడా చేరగలదు; అందువల్ల ఈ పనిని మూసిన షెడ్డులోగాని, సర్వీసింగ్ గుంతలోగాని కాక, ఆరుబయటే, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతే మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీగను ముందుగా విప్పాలి. డ్రై పౌడర్ అగ్నిమాపక సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. వెలుతురుకు వేలాడే బల్బు వద్దు, ఎల్‌ఈడీ టార్చి చాలు. కారును జాకీ మీదే వదలకుండా స్టాండ్లపై నిలపాలి.

కార్బురేటరు ఉన్న పాత మారుతి 800 వంటి కార్లలో పైపులోని ఒత్తిడి స్వల్పమే గాని, పెట్రోలును పంపు ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ ఇంజన్లలో అది సుమారు 3 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలమానం) లేదా అంతకన్నా ఎక్కువ ఉంటుంది కాబట్టి, ఇంజను ఆపాక కూడా నిలిచి ఉండే ఆ ఒత్తిడిని తగ్గించకుండా క్లిప్పు విప్పితే పెట్రోలు ముఖాన చిమ్ముతుంది. రక్షణ కళ్లద్దాలు పెట్టుకొని, జాయింటుకు గుడ్డ చుట్టి మెల్లగా వదులు చేయాలి. కారినదాన్ని మూత ఉన్న డబ్బాలోకి పట్టాలి, నీళ్ల సీసాలోకి కాదు.

కొత్త పైపు కొనేటప్పుడు బేరంకన్నా దానిపై ముద్రించిన గుర్తు ముఖ్యం: ఇంజెక్షన్‌కు ఎస్‌ఏఈ (వాహన ఇంజనీర్ల సంస్థ) ప్రమాణమైన జె30 ఆర్9 రకం కావాలి, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరును దెబ్బతీయవచ్చు గనుక, కారుతున్న ముక్కతోపాటు మిగిలిన రబ్బరు పైపులనూ మార్చడం మేలు. నీళ్ల పైపుగాని, పారదర్శక ప్లాస్టిక్ గొట్టంగాని తాత్కాలికంగా కూడా వాడకూడదు.