కల్వర్టు చాలనప్పుడు వరద ఎటు పోతుందో కంప్యూటర్‌లో లెక్కించడం ఎలా?

హైదరాబాద్ లాంటి నగరంలో గట్టి వాన పడితే, నాలా రోడ్డును దాటే చోటే తరచుగా ముందు నీళ్లు నిలుస్తాయి. అక్కడి కల్వర్టు (రోడ్డు కింద నీటిని దాటించే పైపు) ఎగువన పొలాలున్న రోజుల్లో కట్టినదై ఉంటుంది. ఇప్పుడు ఆ పొలాలన్నీ కాలనీలు. నీరు ఇంకడానికి నేల లేదు, వచ్చే నీరు మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది.

పైపులో పట్టని నీరు మాయమైపోదు. రోడ్డెక్కుతుంది, పక్క వీధిలోకి మళ్లుతుంది, ఎవరో ఒకరి గుమ్మం దాటుతుంది. ఈ ప్రవాహాన్ని కంప్యూటర్‌లో మోడల్ చేసేవాళ్లలో చాలామంది పైపు వివరాలన్నీ శ్రద్ధగా నింపి, ఈ మిగులు నీటికి దారి చూపకుండా వదిలేస్తారు. ఫలితాలు ముచ్చటగా వస్తాయి కానీ వాటిని నమ్మి కాలువ కడితే మళ్లీ అవే ఇళ్లు మునుగుతాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ మిగులు నీటి గురించే.

మొదట కొలతలు

కల్వర్టు వ్యాసం, పొడవు, రెండు చివర్లా పైపు అడుగు మట్టం, లోపల పేరుకున్న పూడిక మందం కొలవండి. పాత డ్రాయింగులో 900 మిల్లీమీటర్లు అని ఉన్నా, మూడో వంతు పూడిక ఉంటే అది 900 పైపు కాదు.

తరువాత రోడ్డు. రోడ్డు వెంబడి కల్వర్టుకు ఇరువైపులా కనీసం 50 మీటర్ల దాకా, అయిదేసి మీటర్లకు ఒక మట్టం తీసుకోండి. రోడ్డులో అతి పల్లమైన చోటు కల్వర్టుకు సరిగ్గా పైనే ఉండాలని లేదు. 30 మీటర్ల అవతల ఉంటే నీరు అక్కడే రోడ్డు దాటుతుంది, లేదా ఆ పక్క వీధిని పట్టుకుని పోతుంది. ఉచితంగా దొరికే 30 మీటర్ల ఉపగ్రహ ఎత్తుల పటాలు పరీవాహక ప్రాంతం హద్దులు గీయడానికి పనికొస్తాయి. పది సెంటీమీటర్ల తేడా తేల్చాల్సిన రోడ్డు మట్టాలకు అవి పనికిరావు. మట్టాలు కొలిచే ఆటో లెవెల్ పరికరం పట్టుకుని వెళ్లాల్సిందే.

వెళ్లినప్పుడు గోడల మీద నీటి చారలు ఫొటో తీసి, వాటి మట్టం కూడా రాసుకోండి. మూలనున్న టీ కొట్టు యజమానిని అడగండి. నీరు ఎటు నుంచి వచ్చింది, ఎంతసేపు నిలిచింది, ఎటు తీసింది అనేవి అతనికి తెలిసినంతగా ఏ పటానికీ తెలియవు.

చేతి లెక్క

సాఫ్ట్‌వేర్ తెరవక ముందే కాగితం మీద ఒక లెక్క వేయండి. ఉదాహరణకు పరీవాహక ప్రాంతం 40 హెక్టార్లు, ప్రవాహ గుణకం (పడిన వానలో ఇంకకుండా పారే వాటా) 0.7, వాన తీవ్రత గంటకు 60 మిల్లీమీటర్లు అనుకుందాం. ఈ మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు 4.67 ఘన మీటర్లు వస్తుంది. నాలా మోయాల్సిన గరిష్ఠ ప్రవాహం ఇది.

కల్వర్టు ఒకే వరుస 900 మిల్లీమీటర్ల హ్యూమ్ (కాంక్రీటు) పైపు. రోడ్డు దాని అడుగు నుంచి 1.8 మీటర్ల ఎత్తున ఉంది. ఎగువన నీరు సరిగ్గా రోడ్డు అంచుదాకా వచ్చినప్పుడు, పైపు మధ్య నుంచి నీటి ఎత్తు 1.35 మీటర్లు. ఆరిఫిస్ సూత్రంలో (నీట మునిగిన రంధ్రం గుండా పోయే ప్రవాహాన్ని లెక్కించేది) గుణకం 0.6 వేస్తే పైపు గుండా పోయేది సెకనుకు సుమారు 1.96 ఘన మీటర్లే. సగం కూడా కాదు. మిగిలింది రోడ్డు మీదుగా పోవాలి. 15 మీటర్ల వెడల్పున పారుతుందని, వియర్ (నీరు పైనుంచి పొర్లే అడ్డుకట్ట, ఇక్కడ రోడ్డే) గుణకం 1.66 అని తీసుకుని, నీటి మట్టం పెరిగే కొద్దీ పైపులోకి కాస్త ఎక్కువ పోతుందన్నది కూడా సరిచూస్తే, రోడ్డు మీద సుమారు 22 సెంటీమీటర్ల నీరు తేలుతుంది. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్లున్నా మనిషిని పడదోయగలదు. కాబట్టి ఇది చిన్న సంఖ్య కాదు.

పైపు దిగువ చివర నీరు స్వేచ్ఛగా పడుతున్నప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. దిగువ చెరువు నిండి పైపు ఆ వైపు కూడా మునిగితే, రెండు వైపుల మట్టాల తేడాయే పైపును నడిపిస్తుంది. అప్పుడు దాని సామర్థ్యం ఇంకా పడిపోతుంది. మన గొలుసుకట్టు చెరువుల మధ్య నాలాల్లో ఇది సాధారణం.

మోడల్ కట్టడం

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఉచితంగా ఇచ్చే వాననీటి మోడలింగ్ సాఫ్ట్‌వేర్ ఎస్‌డబ్ల్యూఎంఎం 5 ఈ పనికి సరిపోతుంది. ప్రవాహ ప్రమాణం సెకనుకు ఘన మీటర్లుగా, రూటింగ్ పద్ధతి (నీటి కదలికను లెక్కించే తీరు) డైనమిక్ వేవ్‌గా పెట్టండి. మిగతా పద్ధతులు నీరు వెనక్కి తన్నడాన్ని చూపలేవు.

కల్వర్టును ఒక కండ్యూట్‌గా (నీరు పారే పైపు లేదా కాలువ) గీసి, దానికి కల్వర్టు కోడ్ ఇవ్వండి. నిలువు గోడలో చదరపు అంచుతో బిగించిన గుండ్రటి కాంక్రీటు పైపుకు కోడ్ 1. ఈ కోడ్ ఇవ్వకపోతే ప్రవేశం దగ్గరి ఇరుకును సాఫ్ట్‌వేర్ పట్టించుకోదు, పైపు ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. మ్యానింగ్ గుణకం (పైపు గరుకుదనానికి కొలత) కొత్త పైపుకు 0.013, పాతదైతే 0.015 వేయండి.

కల్వర్టుకు ఎగువన మామూలు జంక్షన్ (కండ్యూట్లు కలిసే బిందువు) బదులు, నీటిని నిలవ ఉంచగల స్టోరేజ్ నోడ్ పెట్టండి. నీరు నిలిచే పల్లం విస్తీర్ణాన్ని లోతువారీగా పట్టికలో ఇవ్వండి. ఇక్కడే అసలు జాగ్రత్త. నోడ్ గరిష్ఠ లోతును రోడ్డు మట్టమైన 1.8 మీటర్ల దగ్గర ఆపేస్తే, ఆపైన వచ్చిన నీటిని సాఫ్ట్‌వేర్ వరద నష్టంగా రాసి లెక్కలోంచి తీసేస్తుంది. దిగువకు ఒక్క చుక్కా చేరదు. గరిష్ఠ లోతు 3 మీటర్లు ఇవ్వండి.

ఇప్పుడు మిగులు నీటికి దారి. రోడ్డు దాటి మళ్లీ నాలాలో కలిసే నీటికి ఎగువ నోడ్ నుంచి దిగువ నోడ్‌కు రోడ్‌వే రకం వియర్ కలపండి. దాని ఆఫ్‌సెట్ (నోడ్ అడుగు నుంచి ఎత్తు) 1.8 మీటర్లు. వీధి వెంట మళ్లే నీటికి ఆ వీధి అడ్డుకోత ఆకారంతో వేరే కండ్యూట్ గీయండి. మొదలు మట్టం వీధి నోట్లో మీరు కొలిచినదే ఉండాలి, చివర నీరు నిజంగా ఎక్కడ చేరుతుందో అక్కడికి తీసుకెళ్లండి. పాండింగ్ సదుపాయాన్ని (పొంగిన నీటిని నోడ్ మీదే నిలిపి ఉంచేది) ఇదే పల్లానికి మళ్లీ వాడకండి, ఒకే నీటికి రెండుసార్లు చోటిచ్చినట్టవుతుంది.

వాన వివరాలు పదిహేను నిమిషాల విరామంతో ఇవ్వండి. గంట సగటు తీసుకుంటే, చిన్న పరీవాహక ప్రాంతాన్ని ముంచే ఆ కొద్ది నిమిషాల ఉధృతి కనిపించకుండా పోతుంది.

నడిపి సరిచూడడం

రూటింగ్ విరామం (లెక్కకూ లెక్కకూ మధ్య సమయం) ఒకటి రెండు సెకన్లు పెట్టి నడపండి. కంటిన్యుటీ దోషం (వచ్చిన నీటికీ, పోయిన, నిలిచిన నీటికీ లెక్కలో తేడా) ఒకటి రెండు శాతం దాటితే, లేదా ప్రవాహ గ్రాఫ్ రంపపు పళ్లలా ఊగితే ఫలితాన్ని నమ్మకండి. నివేదికలో నోడ్ వరద పట్టిక ఖాళీగా ఉండాలి. అందులో ఏదైనా సంఖ్య కనిపించిందంటే ఆ నీటికి మీరు దారి చూపలేదన్నమాట. ఎగువన కొంత నీరు నిలుస్తుంది కాబట్టి, అదే వానకు రోడ్డు మీది గరిష్ఠ లోతు చేతి లెక్కకంటే కొంత తక్కువ రావడం సహజం. ఎక్కువ వస్తే మట్టాలు తిరిగి చూడండి. ఆపైన, తెలిసిన ఒక పెద్ద వాన ఇచ్చి గోడల మీది చారలతో పోల్చండి.

ఆ తరువాతే ప్రత్యామ్నాయాలు. ముందుగా, ప్లాస్టిక్ సంచులతో పైపు సగం మూసుకుపోయినట్టు పెట్టి నడపండి, వానాకాలంలో మన నాలాల వాస్తవం అదే. తరువాత రెండో వరుస పైపు చేర్చండి. మన ఉదాహరణలో, చేతి లెక్క ప్రకారం అప్పుడు కూడా రోడ్డు మీద దాదాపు 9 సెంటీమీటర్ల నీరు ఉంటుంది. పైగా ఇంతకాలం రోడ్డు వెనక ఆగిన నీరు ఇప్పుడు త్వరగా దిగువ కాలనీకి చేరుతుంది. అందువల్ల ప్రతి ప్రత్యామ్నాయానికీ రోడ్డు మీది లోతు పక్కనే, తరువాతి కల్వర్టు దగ్గర గరిష్ఠ మట్టం ఎంత మారిందో కూడా రాయండి. నీరు నాలుగు వీధుల్లోకి చీలిపోయి ఏ దారీ ముందుగా గీయలేని చోట ఈ పద్ధతి చాలదు. అక్కడ హెచ్‌ఈసీ-రాస్ అనే వరద మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేలంతటి మీదా ద్విమితీయ గళ్ల వలను పరిచి, రోడ్డును, కల్వర్టును దాని మధ్యలో కట్టడంగా పెట్టాలి.