ఊరి బడి భవనం మీద పరిశోధన: ఎలా కొలవాలి, ఎలా చూడాలి

బడి గదికి రెండు కొలతలుంటాయి. ఒకటి కట్టిన కొలత. అది అంచనా కాగితంలో, ఇంజినీరు కొలతలు రాసే ఎం-బుక్కులో, బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ లెక్క యూడైస్ నివేదికలో ఉంటుంది. రెండోది వాడే కొలత. బీరువా, బియ్యం బస్తాలు, విరిగిన బెంచీలు పోను పిల్లలు కూర్చోవడానికి మిగిలేది ఇదే. బి.ఆర్క్, ఎం.ఎడ్, పీహెచ్‌డీ విద్యార్థులు చేసే పనుల్లో చాలా వరకు మొదటి కొలత దగ్గరే ఆగిపోతాయి. ఆదివారం ఖాళీ బడికి వెళ్లి గోడలు కొలుచుకొస్తే పటం బాగానే వస్తుంది, చదువు సంగతి మాత్రం అందులో ఉండదు. ఈ రెండు కొలతల మధ్య తేడా ఎంత, అది ఎందుకు వచ్చింది, దానివల్ల పాఠం చెప్పే తీరు ఎలా మారింది అన్నవి తేల్చడమే అసలు పని.

ప్రశ్న, బడుల ఎంపిక

"భవనం బాగుంటే చదువు బాగుంటుందా" అన్న ప్రశ్నకు ఒక్క మనిషి, ఒక్క ఏడాదిలో జవాబు తేలేరు. టీచర్ల సంఖ్య, పిల్లల ఇళ్ల పరిస్థితి, పక్క ఊరి ప్రైవేటు బడి బస్సు అన్నీ ఆ జవాబులో కలిసిపోతాయి. "రేకుల గదిలో వాన పడితే నోటి పాఠం ఎన్ని నిమిషాలు ఆగుతుంది, ఆ సమయంలో టీచరు ఏం చేస్తారు" అన్నది నాలుగు బడుల్లో తేల్చగలిగిన ప్రశ్న.

ఒకరే చేసేటట్లయితే నాలుగు నుంచి ఆరు బడులు చాలు. ఒకే మండలంలో జతలుగా ఎంచుకోండి. పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య దాదాపు సమానంగా ఉండి, భవనం మాత్రమే వేరుగా ఉన్నవి జత కావాలి. యూడైస్ ప్లస్‌లో పదకొండు అంకెల కోడ్‌తో ప్రతి బడి వివరాలూ దొరుకుతాయి. ఎంపికకు అవి పనికొస్తాయి కానీ సాక్ష్యంగా నేరుగా వాడకండి, వెళ్లి సరిచూశాకే వాడండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఇంకో జాగ్రత్త కూడా అవసరం. 2022లో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను దగ్గర్లోని ఉన్నత పాఠశాలలకు కలిపారు. అలాంటి బడిలో గదులు ఖాళీగా కనిపిస్తే, కట్టడం ఎక్కువైందనో ఊళ్లో పిల్లలు తగ్గారనో రాసేయకండి. కనీసం ఐదేళ్ల అడ్మిషన్ రిజిస్టరు చూశాక రాయండి.

అనుమతులకు ఆరు వారాలు పెట్టుకోండి. విశ్వవిద్యాలయం ఎథిక్స్ కమిటీ పత్రం, జిల్లా విద్యాశాఖాధికారి ఉత్తర్వు, దాని నకలు మండల విద్యాధికారికి (ఎంఈవో), ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుల సమ్మతి కావాలి. గిరిజన పిల్లల ఆశ్రమ పాఠశాలలైతే గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారి అనుమతి కూడా తీసుకోవాలి. తల్లిదండ్రుల సమ్మతి పత్రం తెలుగులో ఒక పేజీ మించకూడదు, దాన్ని చదివి వినిపించాలి. పిల్లల్ని కూడా విడిగా అడగాలి. వద్దన్న పిల్లల్ని మళ్లీ అడగవద్దు. పిల్లల ముఖాలు పడేలా ఫోటోలు తీయకండి. గది ఫోటోలు బడి వదిలాక తీసుకోవచ్చు.

కాగితాల్లో భవనం వయసు

బడి గోడకున్న శిలాఫలకం మీద కనిపించేది ప్రారంభోత్సవం తేదీ. కట్టిన తేదీ అంతకు ముందుదై ఉంటుంది. ఒకే ఆవరణలో మూడు ఫలకాలుంటే అవి మూడు పథకాల ఆనవాళ్లు. ఏ గది ఏ పథకంలో వచ్చిందో తెలిస్తే దాని ఆకారానికి కారణం కూడా తెలుస్తుంది. పక్కపక్కనే రెండు గదులు, ముందు లోతైన వరండా ఉన్న బడులు తెలుగు నేల మీద చాలాచోట్ల కనిపిస్తాయి. 1987లో మొదలైన కేంద్ర పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రాథమిక బడికి కనీస అవసరంగా చెప్పింది దాదాపు ఇదే: అన్ని కాలాల్లో పనికొచ్చే రెండు పెద్ద గదులు, లోతైన వరండా, మగపిల్లలకు, ఆడపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు. అయితే ఆకారాన్ని మాత్రమే చూసి పథకం పేరు రాయకూడదు. పంచాయతీ తీర్మానాల పుస్తకంలోనో, స్థలదానం దస్తావేజులోనో ఆధారం దొరకాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను బాగుచేసే పథకం 'మన బడి: నాడు-నేడు' 2019 నవంబరు 14న మొదలైంది. తొలి విడతలో 15,715 బడులు ఉన్నాయి. పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా జరిగాయి కాబట్టి తీర్మానాలు, బిల్లులు, బ్యాంకు పాసుపుస్తకం బడిలోనే దొరికే అవకాశం ఎక్కువ. ముందుగా అక్కడే అడగండి. తెలంగాణలో అలాంటిదే 'మన ఊరు-మన బడి' 2022 మార్చిలో మొదలైంది, తొలి విడత 9,123 బడులు. ఈ పథకాల్లో రంగులు వేసిన గోడ మీద పాత పగుళ్లు కనిపించవు. పని మొదలయ్యే ముందు తీసిన ఫోటోలు ఉన్నాయేమో అడిగి చూడండి.

స్థలం లెక్కలో కొలమానాలు తికమక పెడతాయి. కోస్తా, రాయలసీమ కాగితాల్లో సెంట్లు, తెలంగాణ కాగితాల్లో గుంటలు ఉంటాయి. ఎకరానికి నూరు సెంట్లు లేదా నలభై గుంటలు, కాబట్టి సెంటు 48.4 చదరపు గజాలు, గుంట 121 చదరపు గజాలు. అంకణం అనే పాత స్థలం కొలత మాత్రం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. దస్తావేజులో అంకణాలు కనిపిస్తే ఆ ఊరి లెక్కేమిటో అడిగి రాసుకోండి.

టేపు పట్టాక

30 మీటర్ల టేపు, 5 మీటర్ల స్టీలు టేపు, గోడ నిటారు చూసే తూకం గుండు, గ్రాఫు కాగితం, చెక్క పలక సరిపోతాయి. లేజర్ కొలత యంత్రం ఉంటే పని త్వరగా అవుతుంది. ఎండలో మాత్రం దాని చుక్క కనిపించదు, కాబట్టి ఆరుబయట టేపే నమ్మకం. కొలిచేవారు ఒకరు, పట్టేవారు ఒకరు, రాసేవారు ఒకరు ఉండాలి. రాసేవారు ప్రతి అంకెనూ పైకి చదివి చెప్పాలి.

ప్రతి గదికీ నాలుగు గోడలతో పాటు రెండు కర్ణాలూ కొలవండి. లోపల 20 అడుగులు, 16 అడుగులు ఉన్న గది కర్ణం 25 అడుగుల 7 అంగుళాలు రావాలి. రెండు కర్ణాల మధ్య రెండు అంగుళాలకు మించి తేడా ఉంటే గది మూలమట్టంగా లేదన్నమాట. పాత రాతి గోడల బడుల్లో ఇది మామూలే. కర్ణాలు కొలవకుండా వచ్చేస్తే పటం గీసేటప్పుడు ఆఖరి గోడ కలవదు, దానికోసం ఊరికి మళ్లీ ప్రయాణం కట్టాలి.

తర్వాత లోపలి కొలత, బయటి కొలత విడదీయండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడలైతే ఇందాకటి గది బయటి కొలత 21.5 అడుగులు, 17.5 అడుగులు అవుతుంది. విస్తీర్ణం 376 చదరపు అడుగులు. లోపల ఉన్నది 320. ఇప్పుడు నేల మీద కదలని సామాను చుట్టూ సుద్దతో గీత గీసి, అదంతా కొలవండి. బీరువాలు, టీవీ స్టాండు, బస్తాలు, గుడ్ల అట్టలు, నల్లబల్ల ముందు టీచరు నిలబడే జాగా కలిపి 70 చదరపు అడుగులు అయిందనుకోండి. మిగిలింది 250. ముప్పై మంది పిల్లలుంటే బయటి కొలత ప్రకారం తలకు పన్నెండున్నర చదరపు అడుగులు, వాడే కొలత ప్రకారం ఎనిమిదికి కొంచెం పైన. ఒకే గది, ఒకే రోజు. ఏ నివేదికలో ఏ కొలత వాడారో తెలుసుకోకుండా రెండు బడుల్ని పోల్చకూడదు.

కిటికీలదీ ఇదే కథ. ఎన్ని ఉన్నాయన్నది ఒక గడిలో, ఎన్ని తెరుస్తారన్నది ఇంకో గడిలో, మూసి ఉన్న ప్రతిదానికీ కారణం మూడో గడిలో రాయండి. బీరువా అడ్డం, మరుగుదొడ్డి వాసన, కోతులు, రోడ్డు దుమ్ము, గడియ తుప్పు ఇలా కారణాలు ఉంటాయి. ఆర్కిటెక్చర్ విద్యార్థికి నిజంగా పనికొచ్చేది ఈ మూడో గడే.

గదుల లెక్కలో చాలామంది పొరపడే చోటు ఒకటుంది. 2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో అడిగింది టీచరుకు ఒక గది. తరగతికి ఒక గది అని అందులో లేదు. అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. కాబట్టి ఐదు తరగతులు రెండు గదుల్లో ఉన్నా చట్టం లెక్క సరిపోతుంది. "నిబంధనలకు అనుగుణంగా ఉంది" అని రాసి ముందుకు పోకండి. ఆ రెండు గదుల్లో ఐదు తరగతులూ ఎలా కూర్చుంటున్నాయో, ఏ తరగతి వరండాలోకి వస్తుందో చూడండి.

బడి నడిచేటప్పుడు

ఒక్కో బడికి కనీసం నాలుగు రోజులు కావాలి. మొదటి రోజు లెక్కలోకి రాదు, ఎందుకంటే పిల్లలు మిమ్మల్నే చూస్తుంటారు. ఆ రోజంతా కొలతలకు, పటానికి పెట్టుకోండి. రెండో రోజు నుంచి పటం నకళ్ల మీద ప్రతి పది నిమిషాలకూ ఎవరు ఎక్కడున్నారో గుర్తించండి. తరగతికి ఒక రంగు, టీచరుకు చుక్క, నోటి పాఠానికి ఒక అక్షరం, రాతపనికి ఇంకో అక్షరం పెట్టుకోండి. ప్రార్థన గంట నుంచి ఇంటి గంట దాకా వదలకండి. మధ్యాహ్న భోజనం వేళ మరీ ముఖ్యం. వంటగది పొగ ఏ గదిలోకి వెళ్తుంది, ఏ తరగతి ఆ సమయానికి బయటికి జరుగుతుంది, చేతులు కడిగే చోట నీళ్లు ఎటు పారతాయి అన్నవి ఏ ప్లానులోనూ ఉండవు.

కాలం ఎంచుకోవడంలో ఒక చిక్కుంది. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. మండే మధ్యాహ్నం గదిలో పిల్లలుండరు. కాబట్టి వేడి కొలవాలంటే ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి మొదటి వారం దాకా మంచి సమయం. వానకు జూలై, ఆగస్టు. ఒక్క కాలంలోనే చూసి ఏడాది పొడవునా అలాగే ఉంటుందని రాయకండి.

రేకుల గదిని, స్లాబు గదిని మామూలు థర్మామీటరుతో పోలిస్తే ఒక్కోసారి తేడా పెద్దగా కనిపించదు. రేకుల కింద పిల్లల్ని ఉడికించేది గాలి ఒక్కటే కాదు, రేకు నుంచి తల మీదికి దిగే సెగ కూడా. దాన్ని పట్టడానికి 40 మిల్లీమీటర్ల టేబుల్ టెన్నిస్ బంతికి మెరుపు లేని నల్లరంగు వేసి, థర్మామీటరు మొన దాని నడిమధ్యకు వచ్చేలా దూర్చి, పక్కనే మామూలు థర్మామీటరు వేలాడదీయండి. రెండింటి మధ్య తేడాయే ఆ సెగకు గుర్తు. ఎత్తు కూడా చూసుకోవాలి. నేల మీద కూర్చునే పిల్లల తల దాదాపు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, కొలత అక్కడే తీయాలి. నిలబడి చేతిలో పట్టుకుని తీసిన అంకె మీ తలకు చెందినది. పెట్టిన పావుగంట తర్వాత చదవండి, కిటికీ ఎండ నేరుగా పడకూడదు.

వెలుతురుకు లక్స్ మీటరు వాడండి (లక్స్ అంటే వెలుతురు కొలమానం). ఫోన్ యాప్ అంకెలు ఫోనుకూ ఫోనుకూ మారతాయి. అదే కావాలంటే ఒకే ఫోను అన్ని బడుల్లో వాడి, ముందు మీటరుతో సరిచూసుకోండి. గదిని మీటరు పొడవు, మీటరు వెడల్పు గడులుగా విడదీసి, పిల్లల ఒళ్లో పుస్తకం ఉండే ఎత్తున, అంటే 40 సెంటీమీటర్ల దగ్గర ప్రతి గడిలో కొలవండి. తరగతి గదికి 300 లక్స్ అన్నది మన ప్రమాణం. సగటు మాత్రమే రాస్తే మోసపోతారు. కిటికీ పక్క 900, మూల 60 ఉన్నా సగటు బాగానే కనిపిస్తుంది. అతి తక్కువ అంకెనూ, అక్కడ కూర్చునే తరగతినీ తప్పక రాయండి.

నల్లబల్ల మీద మెరుపును మీటరు పట్టుకోదు. దానికి మన లిపే మంచి పరీక్ష. బల్ల మీద నాలుగు సెంటీమీటర్ల ఎత్తున ప, ఫ, ద, ధ, డ, ఢ అక్షరాలు వరస మార్చి రాయండి. వీటిలో జతకీ జతకీ మధ్య తేడా కిందనున్న చిన్న గీత ఒక్కటే. మీరే ఒక్కో పిల్లవాడి చోట, అదే ఎత్తున కూర్చుని చదవండి. మెరుపు పడిన చోట ముందు మాయమయ్యేది ఆ గీతే, ఆ తర్వాత ఒత్తులు. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేసి, చదవలేని చోట్లు పటం మీద నింపండి. ఇది మీ చూపు పరీక్ష కాదు కాబట్టి ముందు నీడలో అదే దూరం నుంచి చదివి సరిచూసుకోవాలి. బల్లను ఆ గోడకే ఉంచి పిల్లలు కూర్చునే తీరు మారిస్తే సరిపోతుందా, బల్లనే పక్క గోడకు మార్చాలా అన్నది ఈ పటం చూస్తే తెలుస్తుంది.

వాన రోజున గడియారం దగ్గర పెట్టుకోండి. రేకుల మీద చినుకు మొదలైన నిమిషం, టీచరు గొంతు పెంచిన నిమిషం, నోటి పాఠం మాని "రాసుకోండి" అన్న నిమిషం, మళ్లీ చెప్పడం మొదలుపెట్టిన నిమిషం వరసగా రాయండి. మోత ఎన్ని డెసిబెల్స్ అన్న అంకె కంటే ఈ నాలుగు సమయాలు ఎక్కువ చెబుతాయి.

అడిగే తీరు

"భవనం ఎలా ఉంది?" అంటే "బాగుందండి" అనే జవాబు వస్తుంది, ముఖ్యంగా మిమ్మల్ని పంపింది పైఅధికారి అనుకుంటే. "వాన పడితే రెండో తరగతి ఎక్కడికి పోతుంది?", "బాత్రూం తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?", "నీళ్లు అయిపోతే ఎవరు తెస్తారు?" అని అడగండి. వంట చేసే అక్కను, ఆయమ్మను తప్పక అడగాలి. బడిలో ఏ కుళాయి పని చేస్తుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆడపిల్లలతో మరుగుదొడ్ల గురించి మాట్లాడేది ఒక మహిళే కావాలి, అది కూడా గుంపుగా ఉన్నప్పుడు, టీచర్లు వినని చోట. పిల్లలతో బడి బొమ్మ గీయించి "నీకిష్టమైన చోటు చూపించు, వెళ్లాలనిపించని చోటు చూపించు" అంటే గంట ఇంటర్వ్యూలో రానిది పది నిమిషాల్లో వస్తుంది.

రాసేటప్పుడు కట్టిన కొలత, వాడే కొలత, కారణం, పాఠంలో వచ్చిన మార్పు అన్నవి ఒకే వరసలో పెట్టండి. మార్కులతో ముడిపెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. నాలుగు బడులతో ఆ మాట నిలబడదు. ఎలా జరుగుతోందో చూపించడమే మీ బలం.

ముసాయిదా పూర్తికాక ముందే ప్రతి బడి పటాన్నీ పెద్ద చార్టు మీద తెలుగు అక్షరాలతో గీసి, బడి కమిటీ సమావేశంలో గోడకు తగిలించండి. తెలంగాణలో 2024 నుంచి ఇది అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ. తల్లులు దగ్గరకొచ్చి వేలు పెట్టి తప్పులు చూపిస్తారు: "ఈ తలుపు ఎప్పుడూ తీయరు", "ఇక్కడ నీళ్లు నిలుస్తాయి". ఆ దిద్దుబాట్లను వేరే రంగుతో పటం మీదే రాసి, తేదీ, యూడైస్ కోడ్ వేసి, ఒక నకలు బడి బీరువాలో పెట్టి రండి. రేపు రిపేర్లకు అంచనా వేయడానికొచ్చే ఇంజినీరు చేతికి అందేది ఆ కాగితమే.