పాఠానికి ముందు కంప్యూటర్‌ని సర్దండి

చూపు లేని, వినికిడి లేని, చేతులు సహకరించని విద్యార్థులకు కంప్యూటర్ నేర్పడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వచ్చే టీచర్లకు నేను ముందుగా చెప్పే మాట: ఎదురుగా ఉన్న విద్యార్థికి తగ్గట్టు కంప్యూటర్‌ని సర్దాకే పాఠం ఎత్తుకోండి.

చూపు లేనివాళ్లకైతే మౌస్ తీసి పక్కన పెట్టేస్తాను. తెరమీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. 2006లో దాన్ని మొదలుపెట్టిన మైకేల్ కరన్‌కీ చూపు లేదు. ఈ-స్పీక్ గొంతు పెడితే తెలుగు కూడా చదువుతుంది. మొదటి క్లాసులో ఏ ప్రోగ్రామూ తెరవను. ఇన్‌సర్ట్ పట్టుకుని పైవరసలోని 1 నొక్కిస్తాను. ఇక ఏ కీ నొక్కినా దాని పేరు పలుకుతుందే తప్ప ఏ పనీ జరగదు. ఏదో పాడైపోతుందన్న భయం లేకుండా కీబోర్డంతా తడిమి చూస్తారు. ఎఫ్, జె మీదుండే చిన్న గీతలు చూపుడువేళ్లకు తగిలేలా కూర్చోబెట్టండి. దయచేసి వాళ్ల చెయ్యి పట్టుకుని కీ మీద పెట్టకండి. "జె నుంచి కుడికి ఒకటి జరుగు, అదే కె" అని నోటితో చెప్పండి. వేళ్లకు దారి అలాగే గుర్తుంటుంది.

వర్డ్‌లో సెలవు చీటీతో మొదలుపెట్టి చిన్న రిపోర్టు దాకా తీసుకెళ్తాను. శీర్షికను బోల్డ్ చేసి పెద్దది చేస్తే కంటికి ఆనుతుంది గానీ, అది శీర్షికని స్క్రీన్ రీడర్‌కి తెలియదు. కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కించి హెడింగ్ పెట్టించండి. అప్పుడు ఎంత పెద్ద ఫైలైనా, ఇన్‌సర్ట్, స్పేస్ నొక్కి బ్రౌజ్ మోడ్ పెట్టుకుని, ఇన్‌సర్ట్, ఎఫ్7 నొక్కి హెడింగుల జాబితా తెచ్చుకుని కావలసిన చోటికి వెళ్లిపోతారు. ఆఫీసులో ఇది రోజూ పనికొచ్చే అలవాటు.

ఒంటిచేత్తో టైపు చేసేవాళ్లకు షిఫ్ట్ ఐదుసార్లు నొక్కి స్టిక్కీ కీస్ పెట్టండి. కంట్రోల్ నొక్కి వదిలేసి, తర్వాత సి నొక్కినా కాపీ అవుతుంది. చేతులు వణికేవాళ్లకు కుడి షిఫ్ట్ 8 సెకన్లు నొక్కి పడితే వచ్చే ఫిల్టర్ కీస్ మేలు. పొరపాటున పడ్డ నొక్కుళ్లను అది పట్టించుకోదు.

వినికిడి లేనివాళ్ల దగ్గర ఓపికంతా కళ్ల విషయంలోనే. మీ సైగలూ తెరా ఒకేసారి చూడలేరు కదా. సైగ చేసి చెప్పండి, ఆగండి, తెర వైపు తిరగనివ్వండి, పని చేశాక మళ్లీ మీ వైపు చూసేదాకా కొత్తది ఎత్తకండి. సైగల భాషలో పెరిగిన పిల్లలకు ఈమెయిల్ రాయడమే అసలు కష్టం, ఎందుకంటే సైగల భాష వ్యాకరణం వేరు, రాసే భాష వ్యాకరణం వేరు. ఎక్సెల్ కంటే ఈమెయిల్‌కే ఎక్కువ రోజులు ఇస్తాను.

నెమ్మదిగా నేర్చుకునేవాళ్లకు ఒక్క పనే, రోజూ అదే వరసలో. మెట్లను బొమ్మలుగా అట్టమీద అతికించి కీబోర్డు పక్కన పెట్టండి.

ఉద్యోగానికో పరీక్షకో వెళ్లేముందు ఎన్‌వీడీఏ పోర్టబుల్ కాపీని (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) పెన్‌డ్రైవ్‌లో వేయించి, మన గది దాటించి వేరే కంప్యూటర్‌మీద ఒకసారి నడిపించి చూడండి.