మంచుకొండల్లో నడక – 3వ పాఠం: వాలు మీద స్నోషూలు

కిందటి పాఠంలో స్నోషూలు (మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) బిగించుకుని, కాళ్లు కాస్త ఎడంగా వేస్తూ చదునైన మంచుపై నడవడం చూశాం. ఈసారి వాలు. ఎక్కడం కంటే దిగడం గురించే ఎక్కువ చెబుతాను. అలసిన కాళ్లు తడబడేది అక్కడే.

ముందుగా ఒక సంగతి. స్నోషూ వైశాల్యం బూటు అడుగుకు దాదాపు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. మన బరువు అంతమేరా పరచుకోబట్టే మంచులో లోతుగా దిగబడం. కశ్మీర్‌లోని గుల్మార్గ్ అడవుల్లో కొత్తగా పేరుకున్న మెత్తని మంచులో దీని విలువ తెలుస్తుంది. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ వంటి చోట్ల జనం తొక్కి గట్టిపడిన దారిలో స్నోషూలు కాళ్లకు బరువే. బూటుకు తొడిగే చిన్న లోహపు ముళ్ల పట్టీలు, అంటే మైక్రోస్పైక్స్, అక్కడ చాలు.

ఎక్కేటప్పుడు పాదం ముందుభాగం కింద ఉన్న లోహపు పళ్లు మంచును కరవాలి. భయంతో కొండ మీదికి వంగిపోతే బరువు ఆ పళ్ల మీద నుంచి తప్పుకుని జారతాం. నిటారుగా ఉండండి. మంచు మెత్తగా ఉంటే బూటు ముక్కుతో తన్ని మెట్టు చేసుకుని, అది కాస్త కుదురుకున్నాకే బరువు వేయండి. స్నోషూకు మడమ కింద లేపుకునే కడ్డీ ఉంటే నిటారు వాలులో దాన్ని వాడండి, పిక్కలకు ఎంతో ఊరట.

దిగే ముందు ఆ కడ్డీని తప్పకుండా దించేయాలి. మోకాళ్లు కొద్దిగా వంచి, చిన్న అడుగులతో, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా దిగండి. మరీ వెనక్కి వాలితే ముందు పళ్లు లేచిపోయి స్నోషూ జారుడుబల్ల అవుతుంది. చేతికర్రలు కొంచెం పొడవు పెంచి ముందుకు ఆనించండి. వెనక్కి నడవబోకండి. స్నోషూ తోక మంచులో గుచ్చుకుని పడిపోతాం. వెనుదిరగాలంటే చిన్న చిన్న అడుగులతో గుండ్రంగా తిరగాలి.

మన విశాఖలో ఒళ్లంతా చెమట పట్టినా ఎవరూ లెక్కచేయరు. మంచులో అలా కుదరదు. ఆగిన మరుక్షణం తడిబట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. నూలు బనియను ఇంట్లోనే వదిలి ఉన్ని లేదా పాలిస్టర్ వేసుకోండి. నడక మొదట్లో కొంచెం చలిగా అనిపించాలి. చెమట పట్టకముందే ఒక పొర విప్పేయండి.

అన్నింటికంటే ముఖ్యమైనది ఇది: స్నోషూలు ఉన్నాయన్న ధీమా మనల్ని ప్రమాదకరమైన వాలుల్లోకి తీసుకుపోతుంది. హిమపాతాలు, అంటే వాలు మీద నుంచి ఒక్కసారిగా జారిపడే మంచురాశులు, ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో విరిగిపడతాయి. చేతికర్రను వాలుపై పడుకోబెట్టి, దానిమీద ఫోను ఉంచి కోణం కొలవండి. మీరు నడిచేది చదునైన నేలే కావచ్చు, పైనున్న వాలునూ చూడాలి. భారీగా మంచు కురిసిన మర్నాడు అలాంటి చోటికి వెళ్లకండి. స్థానిక గైడు వద్దంటే వాదించకండి.

వచ్చే పాఠం లోపు సాధన: వారానికి రెండుసార్లు ఆర్కే బీచ్ పొడి ఇసుకలో మోకాళ్లు ఎత్తి, కాళ్లు ఎడంగా వేసి అరగంట నడవండి. ఆదివారం తెల్లవారుజామున సింహాచలం మెట్లు, అవి మొదలయ్యే తొలిపావంచా నుంచి ఎక్కండి. బస్సులో దిగకుండా మెట్ల మీదనే, మోకాళ్లు వంచి నెమ్మదిగా దిగండి. మర్నాడు తొడల ముందుభాగం నొప్పిగా ఉంటే విశ్రాంతి తీసుకోండి. మోకాలి కీలు నొప్పిగా ఉంటే అడుగులు ఇంకా చిన్నవి చేయాలి. తగ్గకపోతే వైద్యుడికి చూపించి, తర్వాతే సాధన కొనసాగించండి.