డిస్లెక్సియా ఉన్న విద్యార్థిని పదో తరగతి పరీక్షలకు సిద్ధం చేయడం

అడిగితే పాఠమంతా గడగడా అప్పజెప్పి, అదే జవాబు రాయమంటే నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయే పిల్లలను ఉపాధ్యాయులందరూ చూసే ఉంటారు. 'ఘ' రాయవలసిన చోట 'ఫ' రాయడం, ఒత్తులు వదిలేయడం, బోర్డు చూసి రాసుకునేటప్పుడు మధ్యలో పదాలు ఎగిరిపోవడం ఏళ్ల తరబడి కొనసాగుతుంటే, బద్ధకమని కొట్టిపారేయకుండా డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) గానీ, డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) గానీ ఉందేమో నిపుణుల చేత పరీక్ష చేయించాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా వంటివి కలిసిన నిర్దిష్ట అభ్యసన వైకల్యం, ఆటిజం ఉన్నాయి. అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల మినహాయింపు వంటి మార్పులు చేయాలని అందులోని 17వ సెక్షన్ చెబుతోంది. వైకల్యం 40 శాతానికి చేరలేదన్న కారణంతో సహాయకుణ్ణి నిరాకరించరాదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయితే వైకల్య ధ్రువపత్రం, దరఖాస్తు, ప్రధానోపాధ్యాయుడి సంతకం, బోర్డు అనుమతి ఒకదాని వెంట ఒకటి రావాలి కనుక, తొమ్మిదో తరగతిలోనే ఈ పని మొదలుపెట్టడం మంచిది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే స్థితి) పేరు చట్టంలోని ఆ జాబితాలో విడిగా లేదు కాబట్టి, ఆ పిల్లల తల్లిదండ్రులు వైద్యుల నివేదికతో బడిని ఇంకా ముందే కలవాలి.

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. అలవాటు లేని పిల్లకు ఆ నాలుగో గంట శిక్షగా మారుతుంది కనుక, నమూనా ప్రశ్నపత్రాలను ఇంట్లో గడియారం పెట్టి పూర్తి నిడివితో రాయించాలి.

సహాయకుడి చేత రాయించడం మరో విద్య, దీన్ని చాలామంది పట్టించుకోరు. జవాబు తెలిసిన పిల్లవాడు కూడా 'ఆ బొమ్మ వేసెయ్' అంటే సహాయకుడు ఏమీ చేయలేడు. 'మూత్రపిండం గియ్యి, లోపలి అంచు నుంచి కిందికి గొట్టం లాగు, దాని పక్కన మూత్రనాళం అని రాయి' అని విడమరిచి చెప్పడం నేర్పాలి. వారానికి ఒక జవాబైనా తోబుట్టువుకో, స్నేహితుడికో చెప్పి రాయించే సాధన కనీసం మూడు నెలలు సాగాలి.

బోర్డు పరీక్ష మన చేతిలో లేకపోయినా, బడిలో జరిగే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు ఉపాధ్యాయుల చేతిలోవే. కిరణజన్య సంయోగక్రియను నిర్వచించి, దానికి కావలసిన పరిస్థితులను వివరించి, ప్రయోగంతో నిరూపించమనే పొడవాటి ప్రశ్నను మూడు ముక్కలుగా ఇస్తే, పరీక్షించే విషయం వీసమెత్తు కూడా తగ్గదు. సామాన్యశాస్త్రంలో అక్షరదోషానికి మార్కు కోయడం నా దృష్టిలో అన్యాయమే, ఎందుకంటే అక్కడ కొలవవలసింది శాస్త్రజ్ఞానం.

పరీక్షకు ముందురోజే అనుమతి పత్రం, దాని జిరాక్సు కాపీలు పట్టుకుని పరీక్షా కేంద్రానికి వెళ్లి, అక్కడి బాధ్యుడైన చీఫ్ సూపరింటెండెంట్‌కు చూపించి, కూర్చోబోయే గదిని పిల్లలకు చూపించి రావాలి. ముఖ్యంగా కొత్త చోటు చూస్తే కంగారుపడే ఆటిజం పిల్లలను మరుగుదొడ్డి దారితో సహా ఒకసారి నడిపించాలి.