1:700 ఓడ మోడళ్లలో వచ్చే చిక్కులు: కారణాలు, సరిచేసే పద్ధతులు

1:700 స్కేల్‌లో ఒక మిల్లీమీటరు అంటే నిజమైన ఓడ మీద 70 సెంటీమీటర్లు. డెక్ మీద నిలబడ్డ నావికుడి ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లు. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి పొడవు సుమారు 91 మీటర్లు, ఈ స్కేల్‌లో అది 13 సెంటీమీటర్లకు వస్తుంది. 1971లో టమియా, హసెగావా, అయోషిమా, ఫుజిమి అనే మోడల్ కంపెనీలు కలిసి జపాన్‌లో వాటర్‌లైన్ సిరీస్ పేరుతో ఓడ కిట్లు మొదలుపెట్టినప్పటి నుంచి ఓడల మోడళ్లకు ఈ కొలత బాగా స్థిరపడింది.

ఓడను ఎంతైనా కుదించవచ్చు గానీ జిగురు బొట్టు, రంగు పొర, దుమ్ము కణం కుదించుకుపోవు. కింద చెప్పే చిక్కుల్లో చాలావాటికి మూలం అదే. అందుకే ఏది చెడినా ముందుగా, వాడినది ఎక్కువైందేమో చూసుకోవాలి.

ముక్క ట్వీజర్స్‌లోంచి ఎగిరిపోతోంది

ట్వీజర్స్ కొనలు సరిగ్గా కలవకపోతే గట్టిగా నొక్కిన కొద్దీ ముక్క పక్కకు జారుతుంది. కొనలను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. మధ్యలో సందు కనిపిస్తే ఆ ట్వీజర్స్ ఈ పనికి పనికిరావు. వదిలేస్తే బిగుసుకుని, నొక్కితే తెరుచుకునే రకం ట్వీజర్స్ వాడితే వేళ్ల ఒత్తిడితో పనే ఉండదు. చాలా చిన్న ముక్కలకైతే అదీ వద్దు. అగ్గిపుల్ల కొనకు కాస్త మైనం అద్ది ముక్కను అంటించి ఎత్తడం మేలు.

ఎక్కువ ముక్కలు పోయేది, కిట్‌లో అవి అతుక్కుని వచ్చే ఫ్రేమ్ నుంచి కోసేటప్పుడే. వెనక మాస్కింగ్ టేప్ అంటించి కోయండి, తెగిన ముక్క టేప్ మీదే ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపడం మర్చిపోవద్దు. పడిపోయినదాన్ని వెతకాలంటే గదిలో లైటు తీసేసి టార్చ్‌ను నేలకు ఆనించి వేయండి. ముక్క ఎంత చిన్నదైనా దాని నీడ పొడుగ్గా పడుతుంది.

అతికించిన చోట తెల్లటి పొడి పేరుకుంది

సూపర్ గ్లూ గట్టిపడేది తేమ వల్లే. జిగురు నుంచి లేచిన ఆవిరి గాలిలోని తేమతో కలిసి గట్టిపడి, చుట్టుపక్కల తెల్లగా దిగుతుంది. వానాకాలంలోనూ, కోస్తా ఊళ్లలోనూ ఇది ఎక్కువ. జిగురు ఎంత ఎక్కువ పెడితే అంత ఆవిరి, అంత తెలుపు.

జిగురును ట్యూబు నుంచి నేరుగా మోడల్ మీద పెట్టకండి. ఒక చుక్క పాత ప్లాస్టిక్ మూత మీద వేసుకోండి. కుట్టుసూది బెజ్జం పైభాగాన్ని కత్తిరిస్తే రెండు చిన్న కొమ్ములు మిగులుతాయి. ఆ కొమ్ముల మధ్య అతి చిన్న బొట్టు నిలుస్తుంది, అతుకుకు తాకించగానే దానంతట అదే సందులోకి పాకుతుంది. ఈ స్కేల్‌లో ఇంతకన్నా ఉపయోగపడే పనిముట్టు లేదని నా అభిప్రాయం.

మెల్లగా గాలి ఆడితే ఆవిరి ఒకచోట నిలవదు. ఫ్యాన్ ఆపాలని పైన చెప్పింది విడి ముక్కలు పరుచుకున్నప్పటి మాట. కోసే పని, అతికించే పని వేరువేరుగా పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. అతికించిన మోడల్‌ను వెంటనే మూత ఉన్న పెట్టెలో పెట్టడం మాత్రం తప్పు, లోపల చిక్కిన ఆవిరంతా దానిమీదే దిగుతుంది.

రంగు వేయకముందు తెలుపు కనిపిస్తే మెత్తని బ్రష్‌తో రుద్ది ప్రైమర్ వేయండి. రంగు వేశాక వస్తే పల్చని మ్యాట్ వార్నిష్ చాలావరకు దాచేస్తుంది. అసిటోన్ జోలికి వెళ్లొద్దు, కిట్ ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. పారదర్శక ప్లాస్టిక్‌తో వచ్చే చిన్న విమానాలకు అసలు సూపర్ గ్లూ వాడకుండా, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అతికించండి.

ఇత్తడి రెయిలింగులు అలలు తిరుగుతున్నాయి, ఊడిపోతున్నాయి

రెయిలింగ్ ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు, అంటుకునేది దాని అడుగు అంచు మాత్రమే. దానిమీద వేలి జిడ్డు ఉంటే జిగురు పట్టదు. కాబట్టి రెయిలింగులు వచ్చే ఇత్తడి షీట్‌ను ముందే గిన్నెలు కడిగే సబ్బుతో కడిగి ఆరబెట్టండి, ఆ తర్వాత చేత్తో తాకొద్దు.

అలలు రావడానికి కారణం ఎక్కువగా పొడవే. ఓడ పక్క మొత్తానికి ఒకే ముక్క పెట్టాలని చూస్తే ఒకచోట సరిచేసినది ఇంకోచోట ఉబ్బుతుంది. రెయిలింగ్ నిలువు స్తంభం వచ్చిన చోట కోసి, నాలుగైదు సెంటీమీటర్ల ముక్కలుగా పెట్టండి, రంగు పడ్డాక అతుకు కనిపించదు. ముందు ఫెవికాల్‌తో ఒక కొన నిలిపి, వరస సరిచూసుకుని రెండో కొన నిలపండి. అది ఆరాక సూది కొమ్ములతో పల్చని సూపర్ గ్లూ తాకించండి. ఫెవికాల్ కదపడానికి సమయం ఇస్తుంది, సూపర్ గ్లూ ఇవ్వదు.

ఓడ ముందు కొన దగ్గర వంపు తిరగాల్సిన ముక్కను కొవ్వొత్తి మంట మీద ఒక్క క్షణం తిప్పి, రంగు మారగానే తీసేయండి. ఇత్తడి మెత్తబడుతుంది. నేరుగా ఉండాల్సిన ముక్కలను మాత్రం ఇలా వేడి చేయకూడదు, ముట్టుకుంటే వంగిపోతాయి.

చిన్న వివరాలన్నీ రంగులో మునిగిపోయాయి

రంగు పొర మందం 0.1 మిల్లీమీటర్ ఉంటే, లెక్క ప్రకారం నిజమైన ఓడ మీద 7 సెంటీమీటర్ల మందాన పూసినట్టు. గాలితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్ ఉంటే రంగును పాలంత పల్చగా చేసి పొర మీద పొర వేయండి. ప్రతి పొరా కింది రంగును సగమే కప్పాలి. బ్రష్‌తో వేసినా ఇదే పద్ధతి, కాకపోతే ఓపిక ఎక్కువ కావాలి. ఇప్పటికే మునిగిపోతే, అక్రిలిక్ రంగు చాలావరకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో వస్తుంది. ముందు పనికిరాని ముక్క మీద పరీక్షించండి.

గీతల్లోకి దిగి వివరాలు ఎత్తి చూపే పల్చని రంగు, అంటే వాష్ కూడా నల్లగా వద్దు. 0.2 మిల్లీమీటర్ల గీత అంటే నిజానికి 14 సెంటీమీటర్ల సందు, దాన్ని నలుపుతో నింపితే కాలవలా కనిపిస్తుంది. అసలు రంగుకన్నా కాస్త ముదురు బూడిద రంగు చాలు.

ఓడ స్తంభాల (మాస్టుల) మధ్య తీగలు వదులయ్యాయి, లేదా మరీ లావుగా ఉన్నాయి

తల వెంట్రుక కూడా ఇక్కడ లావే. 0.07 మిల్లీమీటర్ల వెంట్రుక నిజమైన ఓడ మీద 5 సెంటీమీటర్ల మోకు అవుతుంది, రేడియో తీగ అంత లావుండదు. కిట్ ఫ్రేమ్ ముక్కను కొవ్వొత్తి మీద మెత్తబడేదాకా వేడి చేసి, మంట నుంచి పక్కకు తీసి లాగితే అంతకన్నా సన్నని దారం వస్తుంది. ఎంత వేగంగా లాగితే అంత సన్నం. రెండు కొనలు అతికి జిగురు పూర్తిగా ఆరాక, వెలిగించిన అగరుబత్తిని దారానికి దగ్గరగా తెస్తే ఆ వేడికి అది ముడుచుకుని బిగుస్తుంది. తగిలితే తెగుతుంది కాబట్టి కింది నుంచి మెల్లగా తీసుకురావాలి, వదులు పోగానే వెనక్కి తీసేయాలి.

చెయ్యి వణుకుతోంది, కళ్లు లాగుతున్నాయి

రెండు మణికట్లూ బల్లకు ఆనించి, ఊపిరి వదిలాక ముక్క పెట్టండి. తలకు పెట్టుకునే భూతద్దం రెండు, రెండున్నర రెట్లు చూపిస్తే సరిపోతుంది. అంతకన్నా పెద్దదైతే ముఖం మోడల్‌కు మరీ దగ్గరకు వచ్చి ట్వీజర్స్ తిప్పడానికి చోటుండదు. లైటు ఒకే వైపు నుంచి పడితే చెయ్యి నీడ అడ్డొస్తుంది, ఎడమా కుడీ రెండు లైట్లు పెట్టుకోండి.