మ్యాప్‌లో నదిని చదవడం – పాఠం 3: రాయిని బట్టి నైలు, నైలుని బట్టి ఊరు

పోయిన పాఠాల్లో వంపులు, పాయలు గుర్తుపట్టడం చూశాం కదా, ఇవాళ ఒక ఊరు ఫలానా చోటే ఎందుకుందో మ్యాప్ చూసి చెప్పడం నేర్చుకుందాం. శాటిలైట్ వ్యూ పెట్టుకుని ఈజిప్టులో అస్వాన్ దగ్గరకి వెళ్లండి.

బాగా జూమ్ చేస్తే నది మధ్యలో నున్నటి బండరాళ్లు, చిన్న చిన్న దీవులు కనిపిస్తాయి. అదంతా గ్రానైట్, నైలు దాన్ని పూర్తిగా కోయలేకపోయింది, అందుకే పడవలు అక్కడ ఆగిపోయేవి, పడవలు ఆగిన చోటే చాలాకాలం ఈజిప్టు దక్షిణ సరిహద్దు అయింది, ఎలిఫెంటైన్ దీవి మీద కోట లేచింది, వరద ఎంత వచ్చిందో కొలిచే మెట్లూ అక్కడే కట్టారు. కాబట్టి మొదటి రూల్, ఊరి పేరు చూసే ముందు కింద ఏ రాయి ఉందో చూడండి.

ఇప్పుడు ఉత్తరానికి జరపండి. ఇసుకరాయి ఉన్నంతసేపూ పచ్చ రంగు సన్నటి గీతలా ఉంటుంది, ఎస్నా దాటాక సున్నపురాయి మొదలవుతుంది, లోయ విప్పారుతుంది, పొలాలు పెరుగుతాయి. ఆ తర్వాతే లక్సర్ వస్తుంది, పురాతన ఈజిప్టు రాజధాని థీబ్స్ అదే.

రెండు పక్కలా నిటారు కొండలు, మధ్యలో చదును నేల, ఇలా ఎందుకుంది? నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. దాదాపు 60 లక్షల ఏళ్ల కింద మధ్యధరా సముద్రానికి అట్లాంటిక్ నీళ్లు రావడం తగ్గిపోయి అది చాలావరకు ఎండిపోయింది, సముద్రమట్టం పడిపోయేసరికి నైలు కిందకి కోసుకుంటూ పోయింది, ఎంతలా అంటే ఇప్పటి కైరో కింద ఆ లోయ రెండు కిలోమీటర్ల పైనే లోతు. సుమారు 53 లక్షల ఏళ్ల కింద సముద్రం తిరిగొచ్చి లోయలోకి ఎక్కేసింది. అస్వాన్ హై డ్యామ్ కోసం డ్రిల్లింగ్ చేసినప్పుడు, ఇప్పటి తీరానికి అంత దూరంలో, నది అడుగున సముద్రపు మట్టి దొరికింది! తర్వాత లక్షల ఏళ్లు నది ఆ లోయని పూడ్చింది, ఈజిప్టు రైతు దున్నింది ఆ పూడిక పైపొరనే.

ఆ పైపొరలో నల్లమట్టి ఎక్కువగా ఇథియోపియా అగ్నిపర్వత శిలల నుంచి వచ్చింది, అక్కడి వేసవి వానలకి కొట్టుకొచ్చేది. వరద ఒడ్డు దాటగానే బరువైన మట్టి అక్కడే దిగిపోతుంది, అందుకే ఒడ్డు ఎత్తుగా, వెనక పొలం పల్లంగా ఉంటుంది. ఊళ్లు ఎత్తు మీద, నీళ్లు పల్లంలో. ఆ నీళ్లని కట్టలు వేసి కొన్ని వారాలు నిలబెట్టి, తీసేసి, తడి బురదలోనే గోధుమ, బార్లీ చల్లేవాళ్లు.

ఇక హోంవర్క్. గిజా నుంచి లిష్ట్ దాకా పిరమిడ్లకి పిన్నులు పెట్టి, ఒక్కోదాని నుంచి ఇప్పటి నదికి దూరం కొలవండి. అన్ని కిలోమీటర్లు రాళ్లు మోశారా అనిపిస్తుంది. 2024లో వచ్చిన పరిశోధన ప్రకారం ఆ ఎడారి అంచునే సుమారు 64 కిలోమీటర్ల పాత పాయ పూడిపోయి ఉంది. గిజా పెద్ద పిరమిడ్ కట్టించిన రాజు ఖుఫు కాలం నాటి మేరేర్ అనే అధికారి పపైరస్ లెక్కల్లో కూడా, నదికి అవతలి ఒడ్డున ఉన్న తూరా గనుల సున్నపురాయి గిజాకి పడవల్లోనే వెళ్లింది. పొలాల గట్లు వంకరగా తిరిగిన చోట్లు వెతికి ఆ పాయ ఎటు పోయిందో మీరే గీయండి, నాలుగో పాఠంలో ఆ గీతతోనే కైరోకి నైరుతిలో ఉన్న ఫయూమ్ పల్లం వైపు వెళ్దాం.